రొమ్ములో గడ్డ, రిపోర్టులో మార్కర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండలో నేను పనిచేసే పాథాలజీ ల్యాబ్ కౌంటర్ దగ్గర ఏళ్లుగా అవే ప్రశ్నలు వింటున్నాను. ములుగు నుంచి వచ్చినా, పరకాల నుంచి వచ్చినా, టీచరమ్మ అడిగినా, పత్తి ఏరే అమ్మ అడిగినా అసలు సందేహం ఒక్కటే. "రక్తం చూసి చెప్పేయరాదా సార్, ఇది మంచి గడ్డనా, చెడ్డ గడ్డనా?" చెప్పలేం. ఎందుకు చెప్పలేమో, మరి ఎందులో చూసి చెబుతామో ఇక్కడ రాశాను. ఎవరికి ఏ ప్రశ్న కావాలో అదే చదువుకోవచ్చు. ఇది డాక్టర్ సలహాకు బదులు కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు చేతిలో ఉండాల్సిన సమాచారం.

## గడ్డ తగిలిన కొత్తలో

నొప్పి లేదు గదా, అయితే ఏం కాదు గదా?

ఈ ఒక్క మాట నమ్మి ఆలస్యం చేసినవాళ్లను చాలామందిని చూశాను. క్యాన్సర్ గడ్డ మొదట్లో సాధారణంగా నొప్పి పెట్టదు. సలుపు, నెలసరి ముందు బరువుగా అనిపించడం ఎక్కువగా హార్మోన్ల వల్లనో, చీము పట్టడం వల్లనో వస్తాయి. నొప్పి లేదన్నది ధైర్యం చెప్పుకోవడానికి పనికొచ్చే లక్షణం కాదు. గట్టిగా ఉండి కదలని గడ్డ, బత్తాయి తొక్కలా గుంటలు పడిన చర్మం, లోపలికి లాక్కుపోయిన చనుమొన, అక్కడి నుంచి రక్తం రావడం, చంకలో బిళ్ల తగలడం, వీటిలో ఏది కనబడినా బతుకమ్మ అయ్యాక చూద్దాం, పత్తి అమ్మాక చూద్దాం అని ఆగొద్దు.

మా బిడ్డకు ఇరవై రెండేళ్లు, గడ్డ ఉంది. క్యాన్సరేనా?

ఆ వయసులో చాలావరకు ఫైబ్రోఅడెనోమా అవుతుంది. చేతి కింద గోలీలా జారుతుంది. పదిహేను నుంచి ముప్పై ఐదేళ్ల మధ్య ఎక్కువగా కనిపించే మామూలు గడ్డ అది. నీటి తిత్తులు, పాలిచ్చే తల్లులకు వచ్చే పాల గడ్డలు, చీము గడ్డలు కూడా క్యాన్సర్ కావు. మొత్తం మీద రొమ్ములో గడ్డ అని వచ్చేవాళ్లలో ఎక్కువమందికి తేలేది మామూలు గడ్డే. అయినా చిన్న వయసని చూడకుండా వదిలేయకూడదు. ఆ వయసులో రొమ్ము దట్టంగా ఉంటుంది కాబట్టి మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) కన్నా ముందు అల్ట్రాసౌండ్ రాస్తారు.

ముందు ఎక్కడికి పోవాలి? నేరుగా హైదరాబాదా?

అక్కర్లేదు. మొదటి మూడు మెట్లు ఇక్కడే ఎక్కొచ్చు. చేత్తో పరీక్ష, స్కాన్, సూదితో తీసిన నమూనా. వరంగల్ ఎంజీఎం కాకతీయ మెడికల్ కాలేజీకి అనుబంధ ఆసుపత్రి, సర్జరీ ఓపీలో చూపించుకోవచ్చు. కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ వాళ్లకు అక్కడి ప్రభుత్వ పెద్దాసుపత్రులు ఉన్నాయి. క్యాన్సర్ అని తేలాక హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికో, నిమ్స్‌కో వెళ్లేటప్పుడు బయాప్సీ (ముక్క పరీక్ష) రిపోర్టు చేతిలో ఉంటే అక్కడ ఒకటి రెండు తిరుగుళ్లు తప్పుతాయి. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన బిళ్లలతో గడ్డ కరిగిందా లేదా అని నెలల తరబడి చూసుకుంటూ కూర్చోవద్దు.

## రక్త పరీక్ష రాసినప్పుడు

సీఏ 15-3 అనే క్యాన్సర్ మార్కర్ రక్త పరీక్ష నార్మల్ వచ్చింది. ఇక గడ్డ సంగతి మరిచిపోవచ్చా?

వద్దు. నన్ను అన్నిటికన్నా భయపెట్టే ప్రశ్న ఇదే. క్యాన్సర్ తొలి దశలో ఉన్నవాళ్లలో పది మందికి ఒకరిద్దరిలోనే ఈ అంకె పెరుగుతుంది. మిగతావాళ్లకు గడ్డ క్యాన్సరే అయినా రిపోర్టులో "నార్మల్" అనే ఉంటుంది. ఒళ్లంతా పాకిన దశకు వచ్చేసరికి నలుగురిలో సుమారు ముగ్గురిలో పెరుగుతుంది కానీ అప్పటికి చెప్పడానికి ఈ పరీక్ష ఎందుకు, ఎముకల నొప్పో ఆయాసమో ముందే చెబుతుంది. మామూలు రక్త పరీక్షల్లో నార్మల్ అంటే జబ్బు లేదని అర్థం చేసుకోవడం మనకు అలవాటు. ఈ పరీక్షకు ఆ అలవాటు పనికిరాదు.

మా అక్కకు సీఏ 15-3 నలభై రెండు వచ్చింది. క్యాన్సర్ అన్నట్టేనా?

కాదు. చాలా ల్యాబుల్లో 25 లేదా 30 యూనిట్ల దాకా నార్మల్ అని రాస్తారు. దానికి కాస్త పైన ఉన్న అంకెకు కారణాలు చాలా ఉంటాయి. కామెర్లు, లివర్ గట్టిపడటం, టీబీ, గర్భం, పాలివ్వడం, కొన్ని కీళ్ల జబ్బులు, చివరికి బీ12 తక్కువై వచ్చే రక్తహీనతలో కూడా పెరుగుతుంది. రొమ్ములోని మామూలు గడ్డలున్న కొందరిలోనూ పెరుగుతుంది. మీ అక్కకు గడ్డ ఉంటే దానికి స్కాన్, సూది పరీక్ష చేయించండి. గడ్డే లేకపోతే ఆ పరీక్ష ఎందుకు చేయించారో ముందు అడగండి. అంకె చూసి ఇంట్లో ఏడుపులు మొదలైన తరువాత లివర్ జబ్బని తేలిన కుటుంబాలు నాకు తెలుసు.

అసలు సీఏ 15-3 అంటే ఏంటి? ఎక్కడి నుంచి వస్తుంది?

మ్యూక్1 అనే ప్రోటీన్ ముక్క అది. రొమ్ములో పాల నాళాల లోపలి గోడ మీద ఉండే కణాలు దీన్ని తయారుచేస్తాయి. ఆరోగ్యంగా ఉన్న కణానికి దిశ తెలుసు. ఈ ప్రోటీన్‌ను నాళం లోపలి వైపుకే పెట్టుకుంటుంది, అందుకే రక్తంలోకి పెద్దగా రాదు. క్యాన్సర్ కణానికి ఆ దిశ పోతుంది. అన్ని వైపులా మ్యూక్1 పూసుకుని పెరుగుతుంది, అందులోంచి ముక్కలు తెగి రక్తంలో కలుస్తాయి. అయితే మ్యూక్1 రొమ్ముకే సొంతం కాదు. ఊపిరితిత్తులు, పేగులు, గర్భాశయం ఇలా చాలా చోట్ల ఉంటుంది. చిన్న గడ్డ నుంచి తెగిపడే ముక్కలు రక్తంలో తేడా కనిపించేటంత ఉండవు. అందరి ఒంట్లో ఉండే ప్రోటీన్ కొంచెం ఎక్కువైందా అని చూస్తున్నాం తప్ప, క్యాన్సర్ తప్ప ఇంకెవరూ చేయని ప్రోటీన్‌ను వెతకడం లేదు. సీఏ 27.29 అని రాసినా అది కూడా మ్యూక్1 కొలతే.

ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీలో క్యాన్సర్ మార్కర్లు కలిపి ఇస్తున్నారు. చేయించుకోమంటారా?

రొమ్ము విషయంలో నేనైతే వద్దంటాను. గడ్డ లేనివాళ్లలో క్యాన్సర్ వెతకడానికి గానీ, ఉన్న గడ్డ ఏదో తేల్చడానికి గానీ సీఏ 15-3, సీఈఏ (ఇలాంటిదే ఇంకో రక్త మార్కర్) వాడమని క్యాన్సర్ వైద్యుల మార్గదర్శకాలు చెప్పవు. సీఈఏ పొగతాగేవాళ్లలో కూడా పెరుగుతుంది. ఆ డబ్బు నలభై దాటినవాళ్లు మామోగ్రామ్‌కు పెట్టుకుంటే నయం.

మా అమ్మకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. నేను ఏటా సీఏ 15-3 చేయించుకోవాలా?

అక్కర్లేదు, అది మిమ్మల్ని కాపాడదు. అమ్మకు ఏ వయసులో వచ్చిందో డాక్టర్‌కు చెప్పండి. సాధారణంగా అంతకు పదేళ్ల ముందు నుంచే మీకు స్కాన్లు మొదలుపెడతారు. చిన్నమ్మకు, అమ్మమ్మకు కూడా వచ్చి ఉంటే బీఆర్‌సీఏ జన్యు పరీక్ష గురించి అడగండి. అది కూడా రక్తంతోనే చేస్తారు గానీ చూసేది ప్రోటీన్‌ను కాదు, పుట్టుకతో వచ్చిన జన్యువులో తప్పును.

ఒక్క చుక్క రక్తంతో రొమ్ము క్యాన్సర్ తేల్చే టెస్ట్ వచ్చిందని వాట్సాప్‌లో చూశాం. నిజమేనా?

అలాంటి వార్త ప్రతి ఏడూ వస్తుంది. పరిశోధన నిజంగా జరుగుతోంది, అందులో తప్పు లేదు. కష్టం ఎక్కడుందో చెబుతాను. మన రక్తద్రవంలోని ప్రోటీన్లలో సగానికి పైగా ఒక్క ఆల్బుమినే. గడ్డ నుంచి వచ్చే ప్రోటీన్ దానిలో వందల కోట్ల వంతు ఉండొచ్చు. మేడారం జాతర జనంలో తప్పిపోయిన పిల్లవాణ్ని వెతకడం దీనికన్నా తేలిక.

2002లో ఒక ఉదంతం జరిగింది. అండాశయ క్యాన్సర్‌ను రక్తంలోని ప్రోటీన్ల నమూనా చూసి కంప్యూటర్ పట్టేసిందని పేరున్న లాన్సెట్ పత్రికలో వచ్చింది. 50 మంది రోగుల్లో 50 మందినీ పట్టిందన్నారు. ప్రపంచమంతా సంబరపడింది. తరువాత గణాంక నిపుణులు ఆ సమాచారాన్ని తిరగేసి చూస్తే, కనబడిన తేడాల్లో కొన్ని జబ్బువి కాకుండా, నమూనాలను మెషీన్‌లో నడిపిన తీరువి అయి ఉండొచ్చని తేలింది. రొమ్ము క్యాన్సర్‌లోనూ అదే పద్ధతిలో దొరికాయన్న గుర్తులు వేరే ల్యాబుల్లో అంత బాగా నిలవలేదు. రక్తం తీశాక ఎంతసేపు బల్ల మీద ఉంచారు, ఎలా గడ్డకట్టనిచ్చారు అన్నది కూడా ప్రోటీన్లను మార్చేస్తుంది.

ఇంకో లెక్క చూడండి. గడ్డ ఉన్న వంద మందిలో పదిహేను మందికి క్యాన్సర్ ఉందనుకుందాం. నూటికి తొంభై పాళ్లు సరిగ్గా చెప్పే గొప్ప రక్త పరీక్ష ఉందనుకుందాం. అది క్యాన్సర్ ఉన్న ఒకరిద్దరిని "నీకేం లేదు" అని ఇంటికి పంపుతుంది. ఏమీ లేని ఎనిమిది, తొమ్మిది మందిని వణికిస్తుంది. ఆ ఒకరిద్దరు మన ఇంటివాళ్లయితే? అందుకే చేతిలో సూది పరీక్ష ఉన్నంతకాలం రక్తాన్ని నమ్ముకుని ఆగలేం.

రక్తం ఇచ్చేటప్పుడు పరగడుపున ఉండాలా?

సీఏ 15-3కి అవసరం లేదు. జుట్టు రాలకుండా బయోటిన్ బిళ్లలు వేసుకుంటుంటే చెప్పండి. కొన్ని మెషీన్లలో అవి అంకెను తారుమారు చేస్తాయి.

## సూది, ముక్క పరీక్ష దగ్గర

సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందట కదా?

ఈ భయం మా జిల్లాల్లో ఇంటింటా ఉంది. సూది దారిలో ఒకటీ అరా కణాలు పడొచ్చు, కానీ దానివల్ల జబ్బు ముదిరిందనో, ప్రాణం మీదికి వచ్చిందనో ఆధారం లేదు. ప్రపంచమంతటా రొమ్ము గడ్డను ఆపరేషన్‌కు ముందు సూదితోనే తేలుస్తారు. ఈ మాట ఎలా పుట్టిందో ఊహించొచ్చు. ముదిరాక వచ్చి సూది పరీక్ష చేయించుకున్నారు, తరువాత కొన్నాళ్లకు చనిపోయారు. చూసినవాళ్లకు సూదే గుర్తుండిపోయింది.

ఎఫ్ఎన్ఏసీ చేశారు గదా, మళ్లీ ముక్క ఎందుకు తీస్తామంటున్నారు?

సన్న సూదితో, అంటే ఎఫ్ఎన్ఏసీలో, వచ్చేది విడివిడి కణాలు. లావు సూదితో, అంటే కోర్ బయాప్సీలో, వచ్చేది బియ్యపు గింజ వెడల్పున పొడవాటి కండ. ఇటుకలు చూడటానికి, గోడ చూడటానికి ఉన్నంత తేడా. కణం చెడ్డదా అన్నది ఇటుకలో తెలుస్తుంది, అది గోడ దాటిందా అన్నది గోడ ఉంటేనే తెలుస్తుంది. ప్రోటీన్ పరీక్షలకు కూడా ముక్క ఉంటేనే మేలు.

ముక్కలో ప్రోటీన్లు చూసి మంచిదా చెడ్డదా అని ఎలా చెబుతారు?

ఈ జవాబు కొంచెం పెద్దది, ఎందుకంటే అసలు సంగతి ఇక్కడే ఉంది.

వరంగల్ వాళ్లకు చెరువు కట్ట గురించి చెప్పక్కర్లేదు. రొమ్ములోని ప్రతి పాల నాళానికీ అలాంటి కట్ట ఉంటుంది. లోపల పాలు తయారుచేసే కణాల వరుస, దాని చుట్టూ మయోఎపిథీలియల్ కణాల వరుస. ఈ బయటి వరుస ఉన్నంతవరకు లోపలిది లోపలే ఉంటుంది. చొచ్చుకుపోయే క్యాన్సర్‌లో ఈ కట్ట ఉండదు.

మామూలు రంగులో కట్ట కణాలు కొన్నిసార్లు కంటికి ఆనవు. అప్పుడు వాటిలో మాత్రమే గట్టిగా ఉండే ప్రోటీన్లకు రంగు అంటిస్తాం. పీ63 కట్ట కణాల కేంద్రకంలో గోధుమ రంగు చుక్కలా కనిపిస్తుంది. స్మూత్ మజిల్ మయోసిన్, కాల్పోనిన్ అనేవి కణం ఒంట్లో కనిపిస్తాయి. నాళం చుట్టూ గోధుమ రంగు గీత కనబడితే కట్ట ఉంది. ఎక్కడా కనబడకపోతే గండి పడింది. స్క్లీరోజింగ్ అడెనోసిస్, రేడియల్ స్కార్ అనే మామూలు జబ్బులు సూక్ష్మదర్శినిలో అచ్చం క్యాన్సర్‌లా నటిస్తాయి. అనుభవం ఉన్నవాళ్లు కూడా ఆగి చూస్తారు. ఆ గోధుమ గీతే అక్కడ అనవసరమైన క్యాన్సర్ ఆపరేషన్ నుంచి తప్పిస్తుంది.

కట్ట ఉన్నంత మాత్రాన అంతా బాగున్నట్టు కాదు. కట్ట తెగకుండానే లోపలి నీరు చెడితే అది డీసీఐఎస్, అంటే నాళం లోపలే ఉన్న క్యాన్సర్. లోపలి కణాలు మామూలుగా గుంపుకట్టాయా, చెడ్డవై గుంపుకట్టాయా అని చూడటానికి సీకే5/6 అనే ఇంకో ప్రోటీన్ ఉంది. మామూలు పెరుగుదలలో రకరకాల కణాలు కలిసి ఉంటాయి కాబట్టి రంగు అక్కడక్కడా, బతుకమ్మలో పూలు కలిపినట్టు పడుతుంది. చెడ్డ పెరుగుదల ఒకే కణం పిల్లలు కాబట్టి, తక్కువ గ్రేడు వాటిలో అసలు పట్టదు. వాటిలో ఈఆర్ (ఈస్ట్రోజన్ హార్మోన్‌ను పట్టుకునే ప్రోటీన్) రంగు మాత్రం అన్ని కణాలకూ ఒకేలా గట్టిగా పడుతుంది.

మినహాయింపులున్నాయి. మైక్రోగ్లాండ్యులర్ అడెనోసిస్ అనే అరుదైన జబ్బు క్యాన్సర్ కాకపోయినా దానికి కట్ట ఉండదు. పక్కనున్న మచ్చ కణజాలం కూడా కొన్ని రంగులను పీల్చుకుని కట్టలా భ్రమ పెడుతుంది. అందుకే ఒక్క ప్రోటీన్‌ను నమ్మం, కనీసం రెండు వేస్తాం.

రిపోర్టులో "ఐహెచ్‌సీ చేయించాలి" అని రాశారు. డబ్బు గుంజడానికా?

అనుమానం రావడం సహజం, కానీ ఇది ఆ కోవలోది కాదు. ఐహెచ్‌సీ అంటే ముక్కలోని ప్రోటీన్లకు రంగు అంటించే పరీక్షే. రెండు సందర్భాల్లో రాస్తారు. గడ్డ ఏదో తేలక కట్టను చూడాల్సి వచ్చినప్పుడు, లేదా క్యాన్సర్ అని తేలాక ఏ మందు పనిచేస్తుందో తెలియాల్సినప్పుడు. ఏ కారణానికి రాశారో అడగండి, చెప్పాల్సిన బాధ్యత మాకుంది. మళ్లీ సూది గుచ్చరు, ముందు తీసిన ముక్కతోనే చేస్తారు.

ముక్కను మేమే ల్యాబ్‌కు తెచ్చి ఇవ్వాలన్నారు. ఎలా తేవాలి?

ఫార్మలిన్‌లో (ముక్క కుళ్లకుండా ఉంచే ద్రవం), వెడల్పు మూతి డబ్బాలో, ముక్కకు పదింతల ద్రవం ఉండేలా. ముక్క తీసిన గంటలోపు ఫార్మలిన్‌లో పడాలి. అందులో ఆరు గంటలకు తక్కువ కాకుండా, డెబ్బై రెండు గంటలకు మించకుండా ఉంటే ప్రోటీన్లు చెడవు. డబ్బా మీద పేరు, ఏ వైపు రొమ్మో, తీసిన టైము రాయించండి.

ఒకసారి ఒక నర్సింగ్ హోమ్ నుంచి ముక్క సెలైన్ నీళ్లలో వచ్చింది, అదీ మర్నాడు సాయంత్రం. అప్పటికే కుళ్లింది. రంగులు ఏవీ సరిగ్గా పట్టలేదు. ఆ తల్లికి మళ్లీ సూది గుచ్చాల్సి వచ్చింది. ఇంకోసారి ఇరుకు మూతి సీసాలో పెద్ద గడ్డను కుక్కి పంపారు. ఫార్మలిన్‌లో గట్టిపడ్డాక బయటికి రాలేదు, సీసా పగలగొట్టాల్సి వచ్చింది.

## రిపోర్టు చేతికొచ్చాక

ఈఆర్ పాజిటివ్ అని ఉంది. క్యాన్సర్ పాజిటివ్ అనా?

కాదు. ఈఆర్ అంటే ఈస్ట్రోజన్ హార్మోన్‌ను పట్టుకునే ప్రోటీన్. ఆరోగ్యంగా ఉన్న రొమ్ములోనూ ఉంటుంది. క్యాన్సర్ అని వేరే లక్షణాలతో తేలిన తరువాత, హార్మోన్ బిళ్లలు పనిచేస్తాయా అని చూడటానికి దీన్ని వేస్తారు. నూటికి ఒక్క కణంలో కనబడినా పాజిటివ్ అంటారు, పది పాళ్ల లోపు ఉంటే తక్కువ పాజిటివ్ అని ప్రత్యేకంగా రాస్తారు. ఉన్న క్యాన్సర్‌లో ఈఆర్ పాజిటివ్ రావడం ఒక రకంగా మంచి కబురే, చికిత్సకు ఇంకో దారి ఉన్నట్టు. ప్రొజెస్టిరాన్ హార్మోన్‌ను పట్టుకునే పీఆర్ కూడా ఇదే కోవ. "పాజిటివ్" అన్న ఒక్క పదం చదివి కౌంటర్ దగ్గరే కూలబడినవాళ్లున్నారు.

హర్-2 దగ్గర 2+ అని రాసి వదిలేశారు. ఏం అర్థం?

హర్-2 అనేది కణాన్ని పెరగమని చెప్పే ప్రోటీన్, రంగు ఎంత గట్టిగా పట్టిందో చూసి అంకె వేస్తారు. సున్నా, 1+ అయితే నెగటివ్. 3+ అయితే పాజిటివ్, దాని మీద పనిచేసే ప్రత్యేక మందులున్నాయి. 2+ అంటే రంగు చూసి తేల్చలేకపోయామని నిజాయితీగా ఒప్పుకోవడం. ఫిష్ అనే పరీక్షలో హర్-2 జన్యువు ఎన్ని కాపీలుందో లెక్కపెడతారు, అప్పుడు తేలుతుంది. అది చేయించకుండా ఆపేయొద్దు. రొమ్ము క్యాన్సర్లలో వందకు పదిహేను, ఇరవై దాకా హర్-2 పాజిటివ్ ఉంటాయి.

కేఐ-67 నలభై శాతం అంటే క్యాన్సర్ నలభై శాతం ఉందనా?

కాదు. కేఐ-67 విభజన పనిలో ఉన్న కణాల్లో కనిపించే ప్రోటీన్. వంద కణాల్లో నలభై ఆ పనిలో ఉన్నాయని. పెరిగే వేగం చెబుతుంది, అంతే.

ముక్కలో "గ్రాన్యులోమా" అని వచ్చింది. క్యాన్సరా, టీబీనా?

గ్రాన్యులోమా అంటే శరీరం ఏదో శత్రువు చుట్టూ కట్టుకున్న ముట్టడి. క్యాన్సర్ కాదు. మన దగ్గర రొమ్ము టీబీ అరుదేమీ కాదు, గడ్డలా, పుండులా వచ్చి క్యాన్సర్ అనిపిస్తుంది. ముక్కకో, చీముకో టీబీ క్రిమి ఉందా అని చూసే సీబీనాట్ పరీక్ష చేయించమనండి. టీబీ కాకుండా కారణం తెలియని గ్రాన్యులోమాటస్ మాస్టైటిస్ (రొమ్ము వాపు) కూడా ఉంటుంది, ఎక్కువగా కాన్పయిన కొన్నేళ్లలోపు వాళ్లకు. రెండింటికీ మందులు వేరు కాబట్టి తేల్చకుండా టీబీ కోర్సు మొదలుపెట్టొద్దు.

స్కాన్‌లో బైరాడ్స్ 5, సూది రిపోర్టులో క్యాన్సర్ లేదు. ఏది నమ్మాలి?

రెండూ పొత్తు కుదరలేదంటే సూది పక్కన పడి ఉండొచ్చు. బైరాడ్స్ అనేది స్కాన్‌లో క్యాన్సర్ అనుమానం ఎంతుందో చెప్పే అంకె, 5 అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం 95 శాతమో, ఇంకా ఎక్కువో. స్కాన్ చూస్తూ మళ్లీ ముక్క తీయించుకోవాలి. మంచి కబురు వచ్చిందని ఆ కాగితం మడిచి బీరువాలో పెట్టేయొద్దు.

## చికిత్స మొదలయ్యాక

మొదట సీఏ 15-3 పనికిరాదన్నారు, ఇప్పుడు డాక్టరే రాస్తున్నారు. ఎందుకు?

గడ్డ ఏదో తేల్చడానికి పనికిరానిది, పాకిన క్యాన్సర్ మందుకు లొంగుతోందా అని చూడటానికి స్కాన్లకు తోడుగా పనికొస్తుంది. ఒకే మనిషి అంకెను అదే మనిషి పాత అంకెతో పోల్చడం ఇక్కడ పద్ధతి. అందుకే ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో చేయించండి, కిట్ మారితే అంకె మారుతుంది. కొత్త మందు మొదలైన నాలుగు నుంచి ఆరు వారాల్లో అంకె ఎగబాకి తరువాత దిగడం ఉంటుంది, దానికి టెన్షన్ పడొద్దు.

ఖర్చు ఎలా?

ఆరోగ్యశ్రీలో క్యాన్సర్ చికిత్స ఉంది. 2023 డిసెంబరు నుంచి పరిమితి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలు. బయట చేయించుకున్న పరీక్షల డబ్బు వెనక్కి వస్తుందనుకోవద్దు. ముందుగా ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి చేయించుకోండి.

హైదరాబాద్‌లో ఇంకో డాక్టర్ "బ్లాక్ తెండి" అన్నారు. బ్లాక్ అంటే?

మీ ముక్కను మైనంలో పోతపోసిన చిన్న దిమ్మె. స్లైడులు దాన్నుంచే కోస్తాం. కొత్త ప్రోటీన్ పరీక్ష ఏది చేయాలన్నా అదే కావాలి, మళ్లీ సూది అక్కర్లేదు. రాతపూర్వకంగా అడిగితే ల్యాబ్ ఇస్తుంది. తీసుకున్నప్పుడు దాని మీది నంబరు, మీ రిపోర్టు మీది నంబరు ఒకటేనా అని అక్కడే చూసుకోండి. పని అయ్యాక తిరిగి తెచ్చి ఇచ్చేయండి. ఎండాకాలంలో కారు అద్దం ముందు, బండి డిక్కీలో పెట్టకండి, మైనం కరుగుతుంది. కాజీపేటలో రైలెక్కేటప్పుడు చేతి సంచిలోనే పెట్టుకోండి.